ఖాళీ ఇళ్లు, ఖాళీ చేయించిన ఇళ్లు: షోళింగనల్లూరు పరిసరాలపై ఒక పరిశీలన

తెలుగులో ‘ఖాళీ’ అన్న మాటకు ఇంటి విషయంలో రెండు వాడుకలున్నాయి. ఎవరూ కాపురం లేని ఇంటిని ‘ఖాళీగా ఉంది’ అంటాం. కాలువగట్టు మీది గుడిసెలను ప్రభుత్వం తొలగిస్తే ‘ఖాళీ చేయించారు’ అంటాం. అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా మనకు చేరిన ఈ చిన్న మాట ఒకచోట మనిషి లేని ఇంటినీ, మరొకచోట ఇల్లు పోయిన మనిషినీ సూచిస్తున్నది. ఈ రెండు ఖాళీలకూ ఉన్న సంబంధాన్ని చెన్నై దక్షిణ శివారులోని షోళింగనల్లూరు ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. నరసింహస్వామి కొండ ఉన్న షోళింగూరు వేరు, ఇది వేరు. పాత మహాబలిపురం రోడ్డు మీద, కంప్యూటర్ కంపెనీల నడుమ ఉన్న ఈ ఊరు 2011లో చెన్నై నగరపాలక సంస్థలో కలిసింది. ఆంధ్ర, తెలంగాణల నుంచి ఉద్యోగాలకు వచ్చిన యువతీ యువకులు ఇక్కడ ఎంతమంది ఉన్నారో సాయంకాలం ఏ టిఫిన్ సెంటరు దగ్గర నిలబడినా చెవికి తెలుస్తుంది.

ముందుగా లెక్కలు చూద్దాం. 2011 జనగణన ప్రకారం దేశంలో 2.47 కోట్ల ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. అందులో పట్టణాలలోనివి 1.11 కోట్లు. మరుసటి సంవత్సరం, 2012లో, ఆచార్య అమితాబ్ కుండు అధ్యక్షతన పనిచేసిన నిపుణుల బృందం పట్టణాలలో 1.878 కోట్ల ఇళ్లు కొరవగా ఉన్నాయని తేల్చింది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి, ఒకదాని నుంచి మరొకటి తీసివేసి, ఖాళీ ఇళ్లను పంచితే సగానికిపైగా సమస్య తీరిపోతుందని వాదించేవారు ఉన్నారు. మా విద్యార్థులలో కూడా చాలామంది మొదట ఇదే మాట అంటారు. ఆ తీసివేత ఎందుకు కుదరదో అర్థం చేసుకోవాలంటే కుండు బృందం ఇచ్చిన మొత్తాన్ని విడదీసి చూడాలి. అసలు గూడే లేనివారి కుటుంబాలు అందులో 5.3 లక్షలు మాత్రమే. బాగుచేయడానికి వీలులేని కచ్చా ఇళ్లు 9.9 లక్షలు. కాలం చెల్లి శిథిలమైన ఇళ్లు 22.7 లక్షలు. మిగిలినవి, అంటే దాదాపు 1.5 కోట్లు, ఇరుకు కాపురాలు. పెళ్లయిన కొడుకూ కోడలూ అత్తమామలతో ఒకే గదిలో సర్దుకొంటున్న ఇళ్లన్నమాట. మొత్తం కొరవలో నూటికి 95 వంతులకు పైగా అల్పాదాయ వర్గాలవారిది. ఖాళీగా ఉన్న ఇళ్లలో అధికభాగం ఆ వర్గాలు అద్దె కట్టలేనివి, లేదా వారి బతుకు ఉన్నచోట లేనివి. కనుక అక్కడి ఇల్లూ ఇక్కడి మనిషీ ఒకే లెక్కల పుస్తకంలో ఉన్నా ఒకరికొకరు ఎదురుపడరు.

2017–18 ఆర్థిక సర్వే ఇంకొక సంగతి గమనించింది. నగరం నడిబొడ్డు నుంచి దూరం పోయిన కొద్దీ ఖాళీ ఇళ్ల పాలు పెరుగుతుంది. షోళింగనల్లూరు ఈ సూత్రానికి పాఠ్యపుస్తకంలోని బొమ్మలాంటిది.

ఊరికి పడమరగా, పళ్లికరణై చిత్తడినేల అంచున, పెరుంబాక్కం ఉంది. దానికి ఆనుకొని సెమ్మంజేరి, కొంచెం ఉత్తరంగా ఒక్కియం తొరైపాక్కంలో కణ్ణగినగర్. ఈ మూడూ నగరంలోని నదీతీరాల నుంచీ, సముద్రతీరం నుంచీ తెచ్చిన పేదల కోసం ప్రభుత్వం కట్టించిన కాలనీలు. 2000 నుంచి కట్టిన కణ్ణగినగర్‌లో 15,656 ఇళ్లు, 2004 డిసెంబరు 26 సునామీ తరువాత నిండిన సెమ్మంజేరిలో 6,764 ఇళ్లు, పెరుంబాక్కంలో ఇరవై వేలకు పైగా ఇళ్లు ఉన్నాయి. పెరుంబాక్కం ఇళ్లు జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ పునరుద్ధరణ పథకం కింద కట్టిన ఎనిమిదంతస్తుల లిఫ్టు భవనాలు. ఇవి పూర్తయిన తరువాత కూడా వేల సంఖ్యలో చాలా ఏళ్లు తాళాలతోనే ఉండిపోయాయి. అదే సమయంలో కూవం, అడయారు నదుల గట్ల మీద వేలాది కుటుంబాలు టార్పాలిన్ల కింద ఉన్నాయి. ఇంత ఇళ్ల కరువులో పక్కా ఇల్లు, అదీ దాదాపు ఉచితంగా ఇస్తానంటే వద్దనేవాళ్లుంటారా?

ఉంటారు. ఎందుకో తెలుసుకోవడానికి పెద్ద సిద్ధాంతాలు అక్కరలేదు, ఆ మనిషి రోజు ఎలా గడుస్తుందో చూస్తే చాలు. నగరం మధ్యలో నాలుగిళ్లలో అంట్లు తోమే ఆమెకు ఆ నాలుగిళ్లూ నడిచిపోయే దూరంలో ఉండాలి. పొద్దున్న ఆరింటికి ఒక ఇల్లు, ఎనిమిదింటికి ఇంకొకటి, మధ్యలో తన పిల్లలను బడికి పంపడం. పెరుంబాక్కం నుంచి ఆ ఇళ్లకు ఇరవై కిలోమీటర్లకు పైమాటే. బస్సులో రానూ పోనూ మూడు గంటలు పోతే నాలుగిళ్లు రెండవుతాయి. 2021 మేలో తమిళనాడు ప్రభుత్వం మామూలు బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు ఎత్తివేయడం వల్ల డబ్బు మిగిలింది, గంటలు మిగలలేదు. చేపలమ్మే మనిషికి సముద్రం, బండి లాగే మనిషికి మార్కెట్టు, పారిశుద్ధ్య కార్మికునికి తన వార్డు అట్లాంటివే. అందుచేత కొందరు ఇల్లు తీసుకొని తాళంవేసి పాత చోటనే ఏదో సందులో అద్దెకు దిగారు. కొందరు అనధికారికంగా ఇంకొకరికి అద్దెకిచ్చారు. కాగితం మీద ఆ ఇల్లు ‘కేటాయించినది’, జనగణన చేసే మనిషికి ‘తాళం వేసినది’, ఆ కుటుంబానికి మాత్రం ఇల్లు కాదు.

2015 డిసెంబరు వరదల తరువాత అడయారు గట్ల నుంచి పెద్ద సంఖ్యలో కుటుంబాలను ఈ కాలనీలకు తరలించారు. ఆ తరువాత కూవం పునరుద్ధరణ పేరుతో మరికొన్ని. వరద ముప్పు నుంచి తప్పించడానికి అన్నది కారణం. తెచ్చిపెట్టిన చోటేమో చిత్తడినేల పక్కన. సెమ్మంజేరి వీధులు పెద్ద వానకల్లా మోకాటిలోతు నీళ్లలో ఉంటాయన్నది ఇక్కడివారికి కొత్త సంగతి కాదు. పళ్లికరణై 2022లో రామ్‌సర్ జాబితాకెక్కింది, అంటే నీరు నిలవవలసిన చోటు అది అని ప్రపంచమే ఒప్పుకొన్నట్లు.

ఇక్కడ పేర్ల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేము. ఈ కాలనీలు కట్టిన సంస్థ 1970లో ఏర్పడింది. దాని ఇంగ్లీషు పేరు ‘స్లమ్ క్లియరెన్స్ బోర్డు’, అంటే మురికివాడలను తీసివేసేది. తమిళంలో దాని పేరు ‘కుడిశై మాట్రు వారియం’, అంటే గుడిసెలను మార్చే మండలి. తీసివేయడం వేరు, మార్చడం వేరు. తొలి దశాబ్దాలలో ఆ మండలి ఎక్కువగా తమిళ పేరుకు తగినట్లే, గుడిసెలున్న చోటనే మూడు నాలుగంతస్తుల ఇళ్లు కట్టింది. 2000 తరువాత ఇంగ్లీషు పేరుకు తగినట్లు నడిచింది. 2021లో పేరు మార్చి ‘నగర నివాస అభివృద్ధి మండలి’ అన్నారు. ‘పోరంబోకు’ సంగతి కూడా ఇట్లాంటిదే. తమిళంలో ‘పుఱంబోక్కు’ అంటే బయటికి పోయినది, శిస్తు లెక్కకు బయట ఉన్న భూమి అని అర్థం. ఏటిగట్టు, చెరువుకట్ట, బాట ఇవన్నీ పోరంబోకులే. ఆ మాటను మనమూ తెచ్చుకొన్నాం, భూమికీ వాడాం, ఏ పనీ లేక తిరిగే మనిషిని తిట్టడానికీ వాడాం. లెక్కకు రాని నేల మీద బతికేవాడు లెక్కకు రాని మనిషి అయినాడు. భాషలో ఇట్లాంటివి ఊరకే జరగవు.

తెలుగు విద్యార్థులకు ఈ విషయం పరాయిది కాదని చెప్పడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, 2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా గలవారు 42 లక్షల మంది. వారందరూ జమీందార్ల, సినిమావాళ్ల సంతతి కారు. చెన్నై వీధులు ఊడ్చే కార్మికులలో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. వారు నివసించే పేటలలో తెలుగు బడి ఉండేది, తెలుగు మాట్లాడే ఇరుగుపొరుగు ఉండేవారు. పేటను విడదీసి, చీటీలు తీసి, ఒక కుటుంబానికి మూడవ బ్లాకులో ఆరవ అంతస్తూ ఇంకొకరికి నలభయ్యవ బ్లాకులో రెండవ అంతస్తూ ఇస్తే ఇల్లు దొరుకుతుంది, పేట పోతుంది. భాష నిలిచేది పేటలోనే కాని ఇంట్లో ఒంటరిగా కాదు. పెరుంబాక్కంలోనే కేంద్ర ప్రాచీన తమిళ అధ్యయన సంస్థ కొత్త భవనం 2022 జనవరిలో ప్రారంభమయింది. అక్కడికి వెళ్లే భాషాశాస్త్ర విద్యార్థులు నాలుగడుగులు వేసి ఆ బ్లాకుల వైపు కూడా వెళితే సజీవమైన భాషా సంపర్కం చూడవచ్చును.

రెండవది, ఈ రోడ్డు మీది భవనాలు కట్టినవారిలో తెలుగువారు ఎందరో ఉన్నారు. 2014 జూన్ 28న పోరూరు దగ్గర మౌలివాక్కంలో కడుతున్న పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి కూలికి వచ్చినవారు ఆ మృతులలో ఉన్నారు. కట్టుబడి కూలీలు సాధారణంగా కడుతున్న చోటనే రేకుల షెడ్డులలో కాపురముంటారు. పని అయిపోగానే షెడ్డు తీసేస్తారు, వాళ్లు ఇంకో షెడ్డుకు పోతారు. పెరుంబాక్కం బ్లాకులకు కూతవేటు దూరంలో ఇట్లాంటి షెడ్డులు ఉండడం, బ్లాకులేమో ఎప్పటికో రాబోయే నదీతీరవాసుల పేర తాళాలతో ఉండడం మాకు అన్నిటికన్నా వింతగా తోస్తుంది. పని దగ్గర ఉన్నవారికి ఇల్లు లేదు. ఇల్లు దగ్గర పని లేనివారిని తెచ్చి ఆ ఇంట్లో పెట్టాలని ప్రయత్నం.

కేంద్రప్రభుత్వం ఈ మెలికను గుర్తించకపోలేదు. 2020లో కరోనా కాలంలో వలసకూలీలు కాలినడకన ఇళ్లకు పోవడం దేశమంతా చూసిన తరువాత, ఆ జూలైలో అద్దె ఇళ్ల సముదాయాల పథకం ప్రకటించింది. అంతకు ముందటి పథకాల కింద కట్టి ఖాళీగా పడి ఉన్న సుమారు 1.08 లక్షల ప్రభుత్వ ఇళ్లను బాగుచేసి వలస కార్మికులకు తక్కువ అద్దెకివ్వాలని అందులో ఒక భాగం. సూరత్, అహ్మదాబాదు, చండీగఢ్ వంటి కొన్నిచోట్ల కొన్ని వేల ఇళ్లు అట్లా అద్దెకు వెళ్లాయి. లక్షతో పోలిస్తే అది చాలా తక్కువ. కారణం ఊహించడం కష్టం కాదు. కట్టడానికి డబ్బు పైనుంచి వస్తుంది. అద్దె వసూలు, లిఫ్టు మరమ్మతు, నీళ్ల పంపు స్థానిక సంస్థ మెడకు చుట్టుకొంటాయి. ఇల్లు కట్టి తాళంవేయడం ఒక అధికారికి ముగిసిన పని. అద్దెకివ్వడం ప్రతినెలా మొదలయ్యే పని. పరిశ్రమ గట్టిగా అడిగితే మాత్రం దారి దొరుకుతుంది. శ్రీపెరుంబూదూరు దగ్గర వల్లం వడగాల్‌లో ఫ్యాక్టరీ స్త్రీ కార్మికుల కోసం 18,720 పడకల వసతిగృహం 2024 ఆగస్టులో తెరిచారు.

తెలుగు రాష్ట్రాలు ఇందులో వెనుకబడలేదు. హైదరాబాదులో 2007లో మధ్యతరగతి కోసం మొదలుపెట్టిన రాజీవ్ స్వగృహ ఫ్లాట్లు బండ్లగూడ, పోచారంలలో అసంపూర్తిగా నిలిచిపోయి, 2022లో లాటరీ వేసి అమ్మేవరకు గోడలకు రావిమొక్కలు మొలిచాయి. ఆంధ్రప్రదేశ్‌లో టిడ్కో ఇళ్లు 300, 365, 430 చదరపు అడుగుల మూడు రకాలుగా ఊరూరా లేచాయి. 2019లో ప్రభుత్వం మారిన తరువాత చాలాచోట్ల రోడ్డు, మురుగుకాలువ, నీటి కనెక్షను లేక రంగు వెలిసి నిలబడ్డాయి. గోడలు పూర్తయితే ఇల్లు పూర్తయిందనుకోవడమే దీనికి మూలం. సంగారెడ్డి జిల్లా కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లను 2023 జూన్‌లో ప్రారంభించారు. కేటాయించిన తరువాతా తాళం తీయని ఇళ్లు అక్కడ కనిపించాయి. హైదరాబాదు పాతబస్తీలో పనిచేసుకొనేవారికి కొల్లూరు పెరుంబాక్కం వంటిదే.

ఇంతవరకు చెప్పినవి ప్రభుత్వం కట్టినవి. షోళింగనల్లూరులో ఇంకో రకం ఖాళీ కూడా ఉంది. రోడ్డుకు రెండువైపులా లేచిన గేటెడ్ అపార్ట్‌మెంట్లలో రాత్రి పూట వెలగని కిటికీలు లెక్కపెట్టండి. పెట్టుబడి కోసం కొని, ధర పెరిగేదాకా తాళం వేసి ఉంచినవి కొన్ని. అమెరికాలోనో సింగపూరులోనో ఉండి, అద్దెకిస్తే ఖాళీ చేయరేమోనని భయపడేవారివి కొన్ని. ఫ్లాటు విలువలో ఏడాదికి నూటికి రెండు మూడు రూపాయలకు మించి అద్దె రానప్పుడు ఆ కాస్త డబ్బు కోసం తలనొప్పి ఎందుకన్నది వారి తర్కం. వారిని దురాశాపరులని తిట్టడం సులభం. ఆ భయానికి చరిత్ర ఉంది.

1941లో, యుద్ధకాలంలో, మద్రాసు ప్రభుత్వం భారత రక్షణ నిబంధనల కింద ఇంటి అద్దెలను అదుపు చేస్తూ ఉత్తర్వు తెచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ నెలలోనే మద్రాసు నగరం సగం ఖాళీ అయింది. ప్రభుత్వ కార్యాలయాలు కొన్ని లోపలి పట్టణాలకు తరలాయి, తెలుగు కుటుంబాలు ఎన్నో సామాను కట్టుకొని నెల్లూరు, గుంటూరు రైళ్లెక్కాయి. వీధులకు వీధులు తాళాలు. భయం తీరి జనం తిరిగి రాగానే, బర్మా కాందిశీకులు కూడా తోడై, ఇళ్ల కరువు పట్టుకొన్నది. అద్దెల అదుపు యుద్ధంతో పోలేదు. 1949 మద్రాసు చట్టంలోనూ, దాని తరువాత రెండు రాష్ట్రాలూ విడివిడిగా చేసుకొన్న 1960 చట్టాలలోనూ మూడవ సెక్షను ఒక ఆసక్తికరమైన నియమం పెట్టింది. ఇల్లు ఖాళీ అయిన కొద్ది రోజులలోనే యజమాని అధికారికి లిఖితపూర్వకంగా తెలియజేయాలి. ప్రభుత్వం తన ఉద్యోగులకోసం కావాలంటే దానిని తీసుకోవచ్చు. వద్దంటేనే యజమాని తనకిష్టమైనవారికి ఇచ్చుకోవాలి. ఖాళీ ఇంటిని కరువు కాలంలో సమాజపు ఆస్తిగా చూసిన చట్టం మనకు ఎనభై ఏళ్ల కిందటే ఉండేదన్నమాట. కాని అదే చట్టం అద్దెను పాతరేటు దగ్గర కట్టివేసింది, అద్దెదారుని లేపడం దుర్లభం చేసింది. దానితో ఖాళీని చెప్పుకోవడం కన్నా దాచుకోవడం లాభమయింది. ఇంటిని బయటికి రప్పించాలన్న చట్టమే ఇంటిని లోపలికి నెట్టింది.

తమిళనాడు 1960 చట్టాన్ని తీసివేసి 2017లో కొత్త చట్టం చేసింది, అది 2019 ఫిబ్రవరి 22న అమలులోకి వచ్చింది. అద్దె ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, అద్దె అధికారి వద్ద నమోదు కావాలి. వేరే ఒప్పందం లేనప్పుడు అడ్వాన్సు మూడు నెలల అద్దెకు మించరాదు. చెన్నైలో పది నెలల అడ్వాన్సు ఆచారం ఎంత గట్టిదో ఇక్కడ గది వెతికిన ప్రతి విద్యార్థికీ తెలుసు. ‘అది ఇక్కడి పద్ధతి’ అని యజమాని అన్నప్పుడు ఈ చట్టం ఉందని గుర్తుచేయడం తప్పుకాదు.

ఇక పన్ను. ఇల్లు ఖాళీగా ఉంటే ఆస్తిపన్నులో కొంత తగ్గించే ఏర్పాటు 1919 నాటి మద్రాసు నగర చట్టంలో ఉండేది. హైదరాబాదులోనూ సగం పన్ను మినహాయింపు అడిగే వీలు ఉండేది. అద్దె రాని యజమానిపై దయ చూపడం దాని ఉద్దేశం. ఇళ్లు మిగిలిన కాలానికి అది సరిపోయేది. కెనడాలోని వాంకూవరు దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టింది. 2017లో ఖాళీ ఇంటిపై దాని విలువలో నూటికి ఒక వంతు పన్ను వేసి, 2021 నాటికి మూడు వంతులు చేసింది. ఇంగ్లండులో పదేళ్లు ఖాళీగా ఉంచితే మామూలు స్థానిక పన్నుకు నాలుగింతలదాకా కట్టించవచ్చు. మన నగరాలు ముందు తగ్గింపు మానుకొంటే చాలు, పెంపు సంగతి తరువాత చూడవచ్చునని మా అభిప్రాయం.

చివరగా పాడుపడిన ఇళ్లు. ‘పాడు’ అన్న మాట కూడా చూడదగినది. తమిళంలో ‘పాళ్’ అన్నదానికి మన ‘పాడు’ సోదరి, శిథిలం అని అర్థం. నెల్లూరు, ప్రకాశం, గుంటూరు జిల్లాల ఊరిపేర్ల చివర వచ్చే ‘పాడు’ వేరు, అది తమిళ ‘పాడి’కి చుట్టం, జనం ఉండే ఊరు అని అర్థం. రెండు వేర్వేరు ధాతువులు మన నోట ఒకే మాటగా కలిసిపోయాయి. ఊరు వదిలిపోయిన దిబ్బల మట్టిని ‘పాటిమన్ను’ అని రైతులు పొలానికి తోలుకొనేవారు. పల్లెలో పాడుపడినది ఎరువుగానైనా పనికివచ్చింది. నగరంలో అదీ లేదు. చెన్నై పాతపేటలలో అన్నదమ్ముల పంపకాల దావా తెగక, పైకప్పు కూలి, మర్రివేళ్లు దిగిన ఇళ్లు ఉన్నాయి. ప్రభుత్వ ఇళ్లూ పాడుపడతాయి. 2021 డిసెంబరు 27న తిరువొత్తియూరులో మండలి కట్టిన పాత బ్లాకు ఒకటి కుప్పకూలింది. గోడ బీటలు చూసి జనం ముందే బయటికి రావడంతో ప్రాణాలు దక్కాయి.

ప్రమాదకరమైన కట్టడాన్ని కూలగొట్టమని ఉత్తర్వు ఇచ్చే అధికారం మన నగరపాలక సంస్థలకు ఉంది. దానిని బాగుచేసి మళ్లీ కాపురంలో పెట్టే అధికారం లేదు. ఇంగ్లండులో 2004 గృహ చట్టం స్థానిక సంస్థకు ఆ వీలు కల్పించింది. చాలాకాలం ఖాళీగా ఉన్న ఇంటిని ట్రిబ్యునలు అనుమతితో తన నిర్వహణలోకి తీసుకొని, మరమ్మతు చేయించి, ఏడేళ్లవరకు అద్దెకివ్వవచ్చు. మరమ్మతు ఖర్చు అద్దెలోంచి మినహాయించుకొని, మిగిలినది యజమానికి లెక్కచెప్పాలి. ఇల్లు యజమానిదే, హక్కు మారదు. ఆచరణలో దానిని తక్కువగానే వాడారు, కాని వాడతారన్న భయానికే కొన్ని తాళాలు తెరుచుకొంటాయి. మన దగ్గర పంపకాల దావాలో చిక్కిన ఇంటికి ఇంతకన్నా అనువైన ఏర్పాటు మాకు కనబడదు. దావా తేలేదాకా అద్దె కోర్టులో జమ అవుతుంది, పైకప్పు నిలుస్తుంది, లోపల ఎవరో ఒకరు పొయ్యి వెలిగించుకొంటారు.